మాస్టారికి మెసేజ్: ఒడిస్సియస్ గొడవ ఇంకా అయిపోలా

పోయిన సంచికలో ఇదే పేజీలో గ్రీకు వాళ్ళ ఒడిస్సీ కథ రాశాను గదా, ట్రాయ్ యుద్ధం అయిపోయాక ఒడిస్సియస్ అనే రాజు తన దీవి ఇథాకాకి పోదామని పన్నెండు ఓడలతో బయల్దేరి పదేళ్ళు సముద్రం మీద అగచాట్లు పడి, ఓడలూ పోయి మనుషులూ పోయి ఒక్కడే ఇల్లు చేరాడు, చేరేసరికి వాళ్ళావిడ పెనెలొపీని మేం చేసుకుంటామంటే మేం చేసుకుంటామని వంద మందికి పైగా ఇంట్లో తిష్ఠవేసి తింటా ఉన్నారు, వాళ్ళని చంపి ఇల్లు దక్కించుకున్నాడు, ఇంతే నేను రాసింది. అది ఒక పేజీకి పట్టే కథ కాదు, 24 సర్గలు, 12 వేల పైచిలుకు లైన్లు, నేనేదో కుక్కి కుక్కి రాశాను. దాంతో నెలంతా ఫోన్ మోగతానే ఉంది. ఒకాయన ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, సగం వాళ్ళ గేదె తప్పిపోయిన సంగతే, అదీ బాగానే ఉంది వినటానికి. అన్నిటికీ జవాబు రాయలేను గానీ కొన్నిటికి రాస్తా.

మాది కొత్తపట్నం దగ్గర పల్లెపాలెం మాస్టారూ. మా తాత తెరచాప పడవ నడిపినోడు. ట్రాయ్ నుంచి ఆ ఇథాకాకి పదేళ్ళు పట్టేంత దూరమా? అప్పట్లో దిక్కు ఎట్టా చూసుకునేవాళ్ళు?

దూరం ఏం లేదు నాయనా. ట్రాయ్ అంటే ఇప్పటి టర్కీలో డార్డనెల్స్ జలసంధి పక్కన హిసార్లిక్ అనే దిబ్బ ఉంది, అదేనని ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇథాకా గ్రీసుకి పడమటి పక్క చిన్న దీవి, అంటే గ్రీసు కింది కొసని చుట్టుకుని పోవాలి. ఆయనతోపాటు యుద్ధం చేసిన డయోమెడీస్ మనుషులు నాలుగో రోజుకే వాళ్ళ ఊరు ఆర్గోస్ చేరి లంగరేశారని అదే కథలో నెస్టర్ అనే ముసలి రాజు చెబుతాడు. మరి ఈయనకి పదేళ్ళెందుకు అంటావా, లెక్క నువ్వే చూడు. కాలిప్సో అనే దేవత దీవిలో ఏడేళ్ళు, సర్సీ అనే మంత్రగత్తె ఇంట్లో ఒక ఏడాది, అయిపోయినాయా ఎనిమిది. గాలులకి అధిపతి ఏయోలస్ దగ్గర విందుల్లో ఒక నెల, సూర్యుడి ఆవులున్న దీవిలో గాలి తిరక్క ఇంకో నెల. నిజంగా నీళ్ళ మీద ఉన్నది చాలా తక్కువ. అందరూ ఇది సముద్రం కథ అనుకుంటారు, నన్నడిగితే ఇది ఒడ్డున ఇరుక్కుపోయినోడి కథ. కాలిప్సో నీకు చావు లేకుండా చేస్తాను ఉండిపో అంటే కూడా వద్దని, రోజూ పోయి రాళ్ళ మీద కూర్చుని సముద్రం వైపు చూసి ఏడ్చేవాడు. వాళ్ళ ఊళ్ళో పొయ్యి పొగ పైకి లేస్తా ఉంటే దూరం నుంచి చూసినా చాలు, తర్వాత చచ్చినా పర్లేదు అనుకునే స్థితి అది.

దిక్కు సంగతి నీకు బాగా నచ్చుద్ది. ఏడేళ్ళ తర్వాత దేవతలు చెబితే కాలిప్సో ఒప్పుకుంది, ఆయన ఇరవై చెట్లు నరికి నాలుగు రోజుల్లో తెప్ప కట్టుకుని అయిదో రోజు బయల్దేరాడు. చుక్కాని పట్టుకుని కన్ను మూయకుండా చుక్కలు చూస్తా పదిహేడు రోజులు నడిపాడు. ఏ చుక్కలయ్యా అంటే మనోళ్ళు పిల్లలకోడి అంటారే ఆ కృత్తికలు, ఇంకా సప్తర్షులు, ఆ సప్తర్షులు సముద్రంలో మునగకుండా ఉన్నచోటే తిరుగుతాయని కూడా చెబుతాడు ఈ కథ రాసిన కవి హోమర్. వాటిని ఎడంచేతి పక్కనే పెట్టుకుని పో అని కాలిప్సో చెప్పింది. ఎడం పక్క ఉత్తరం ఉందంటే మొహం తూర్పుకి ఉన్నట్టు. అంటే మీ తాత వేటకి లోపలికి పోయేటప్పుడు ఎట్టా చూసుకునేవాడో ఒడిస్సియస్ ఇంటికి పోయేటప్పుడు అట్టా చూసుకున్నాడు. మీకు ఇల్లు పడమర, ఆయనకి తూర్పు, అంతే తేడా.

మేం గొర్రెలు మేపుకునేవాళ్ళం, కందుకూరు పక్క. గొర్రె పొట్ట కింద మనిషి వేలాడతా గుహలోంచి బయటికి రావటం ఏంది సార్, పట్టుకోటానికి ఆడ ఏముందని?

నిన్ను చూస్తే కవి భయపడేవాడు తమ్ముడూ. నువ్వనేది మన నెల్లూరు జాతి గొర్రె గురించి, దేశంలోనే ఎత్తైన జాతుల్లో అదొకటి గానీ దానికి ఉన్ని ఏది, పొట్టి బొచ్చు తప్ప? నెల్లూరు జుడిపి పొట్టేలు కింద వేలాడమంటే ఒడిస్సియస్ రెండడుగులకే జారి కిందపడి వాళ్ళని గుహలో మూసిపెట్టిన ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్‌కి ఫలహారం అయిపోయేవాడు. గ్రీకు పొట్టేళ్ళు వేరు, దట్టంగా ఉన్ని ఉండేవి. అదీగాక మిగతావాళ్ళు వేలాడలా, మూడేసి పొట్టేళ్ళని పక్కపక్కన కట్టి నడిమిదాని కింద ఒక్కో మనిషిని కట్టేశాడు. ఆయన ఒక్కడే మందలో అన్నిటికంటే పెద్ద పొట్టేలు కింద దూరి, రెండు చేతులా ఉన్ని మెలిపెట్టి పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు.

పన్నెండు మందిని ఏరి వెంటబెట్టుకుని పోతే ఆరుగుర్ని తినేశాడు ఆ పాలిఫెమస్. మూడు పూటల్లో ఇద్దరిద్దరు చొప్పున. ద్రాక్షసారా తాగించి నా పేరు ఎవడూకాదు అని చెప్పి, వాడు మత్తులో పడ్డాక కొయ్య కాల్చి కంట్లో పొడిచారు. వాడు అరిస్తే చుట్టుపక్కల రాక్షసులొచ్చి గుహ బయట నుంచే ఎవడ్రా నిన్ను చంపేది అని అడిగితే 'ఎవడూకాదు' చంపుతున్నాడు అన్నాడు, ఎవడూ కాకపోతే ఏదో జబ్బు అయ్యుంటది, మీ నాయనకి మొక్కుకో అనేసి వాళ్ళు పోయారు. ఈ ఎత్తు గ్రీకులో ఎంత బాగా పేలుద్దో తెలుగులోనూ అంతే బాగా పేలుద్ది, పిల్లలకి చెప్పి చూడు.

నాకు మాత్రం ఆ తర్వాతది ఇష్టం. గుడ్డోడైపోయిన పాలిఫెమస్ గుహ వాకిట్లో కూర్చుని ఒక్కో గొర్రె వీపు తడిమి తడిమి వదలతా ఉంటాడు. చివర పెద్ద పొట్టేలు మెల్లగా వస్తుంది, కింద మనిషి బరువు గదా. దాన్ని పట్టుకుని, రోజూ అందరికంటే ముందు నువ్వే మేతకి దూకేవాడివి, నువ్వే ముందు నీళ్ళకి పోయేవాడివి, ఇవాళ ఇట్టా వెనకపడ్డావేందిరా, నా కన్ను పోయిందని బాధపడతన్నావా అంటాడు. మనిషిని తినేవాడే, కానీ ఆ మాట గొర్రెల కాపరి మాట, నీకు నేను చెప్పక్కర్లా.

ఇంత తెలివిగా బయటపడ్డోడు ఊరికే ఉన్నాడా, ఓడెక్కి దూరం పోయాక నోటిదూల ఆగలా. తోటివాళ్ళు వద్దు వద్దంటన్నా నీ కన్ను పొడిచింది ఇథాకా ఒడిస్సియస్ రా అని పేరూ ఊరూ అయ్య పేరూ మొత్తం అరిచి చెప్పాడు. అడ్రస్ ఇచ్చినట్టే గదా, వాడు సముద్ర దేవుడు పొసైడన్ కొడుకు, తండ్రికి ఫిర్యాదు చేశాడు, ఆ తర్వాత జరిగిందంతా దాని ఫలితమే.

యులిసిస్, ఒడిస్సియస్ ఇద్దరా ఒకడేనా? చెక్క గుర్రం కథ ఇలియడ్‌లో ఎన్నో సర్గలో ఉంది? (ఒంగోలు, డిగ్రీ స్టూడెంట్)

ఒకడే, లాటిన్ వాళ్ళు పెట్టుకున్న పేరు యులిసిస్. గ్రీకులు పొట్టలో దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన ఆ గుర్రం కథ ఇలియడ్‌లో లేదమ్మా, ఎగ్జామ్‌లో రాస్తావేమో, ఇలియడ్ అంటే హోమర్ రాసిన ట్రాయ్ యుద్ధం కథ, అది ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో అయిపోద్ది. గుర్రం ఒడిస్సీలో ఉంది, ఎనిమిదో సర్గలో డెమోడొకస్ అనే గుడ్డి గాయకుడు పాడతాడు, ఆ పాట వింటా అక్కడే కూర్చున్న ఒడిస్సియస్ ఏడుస్తాడు.

మాది వెంకటగిరి, మగ్గం ఇల్లు. నేసింది రాత్రిపూట విప్పేసేదంట ఆవిడ, మూడేళ్ళంట. విప్పటం ఎంత పనో తెలుసా మాస్టారూ మీకు?

నాకు తెలవదమ్మా, నీకు తెలుసు, అందుకే నీ ప్రశ్న అన్నిటికంటే ముందు పక్కన పెట్టుకున్నా. ముందు కథ చెప్తా. వచ్చి కూర్చున్న పెళ్ళికొడుకులు 108 మంది. డూలిఖియం దీవి నుంచి 52, సామె నుంచి 24, జకింతస్ నుంచి 20, సొంత ఇథాకా వాళ్ళు 12, ఈ లెక్క కొడుకు టెలిమాకస్ తండ్రికి అప్పజెబుతాడు. వాళ్ళని ఆపటానికి పెనెలొపీ ఏం చెప్పిందంటే, మా మామగారు లయర్టీస్ ముసలాయన, ఆయన పోతే కప్పే బట్ట నేయాలి, అది అయ్యాక మీలో ఒకర్ని చేసుకుంటా అంది. పగలు నేసేది, రాత్రి దివిటీ పెట్టుకుని విప్పేది. మూడేళ్ళు గడిచి నాలుగో ఏడు పనిమనిషి ఒకతి బయటపెట్టేదాకా ఒక్కడికీ తెలియలా. నూట ఎనిమిది మంది మగాళ్ళు రోజూ అదే ఇంట్లో తింటా ఒక్కడు కూడా మగ్గం దగ్గరికి పోయి ఎంతవరకు వచ్చిందో చూడలేదంటే నాకేం ఆశ్చర్యం లేదు, నీకూ ఉండదనుకుంటా.

ఇక విప్పటం. మీది గుంట మగ్గం, కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుంటారు, పడుగు, అంటే పొడుగు దారాలు, నేలకి అడ్డంగా సాగి ఉంటది. వాళ్ళది నిలువు మగ్గం. పైన దూలానికి పడుగు దారాలు కట్టి కిందికి వేలాడేసి, దారాలు బిగువుగా ఉండటానికి అడుగున మట్టి గుండ్లు కట్టేవాళ్ళు. నిలబడి ఆ పక్కకీ ఈ పక్కకీ నడుస్తా పేక, అంటే అడ్డదారం, తోసి, పైకి కొట్టి నేసేవాళ్ళు. నేసిన బట్ట పైన, నేయాల్సింది కింద. విప్పాలంటే పడుగు ముట్టుకోకుండా కిందనుంచి పేక ఒక్కటే వరసగా లాక్కుంటా రావాలి, అదే దారం మళ్ళీ మళ్ళీ వాడితే నూగు లేచి తెగదా అనేది నీ లాంటి వాళ్ళు చెప్పాల. మా వీధిలో ఒక మగ్గం పెద్దాయన్ని అడిగితే, పేక లాగటం పెద్ద పని కాదు సార్, పొద్దున్నే లేచి మళ్ళీ అదే జానెడు నేయాలంటే మనసు రావాలి గదా అన్నాడు.

సర్సీ దగ్గర ఏడాది, కాలిప్సో దగ్గర ఏడేళ్ళు ఈయన ఉండొచ్చు. ఇంట్లో పనిపిల్లల్ని మాత్రం ఉరి తీశారు. దీన్ని మీరు పోయిన నెల ఎందుకు రాయలేదు? (నెల్లూరు)

రాయలేదు, తప్పే. పేజీ చాలలేదని సాకు చెప్పొచ్చు, అసలు సంగతి నాకు ఆ చోటు చదవటం ఇష్టం ఉండదు. ఇంట్లో యాభై మంది దాసీలు, అందులో పన్నెండు మంది పెళ్ళికొడుకులతో కలిశారని ముసలి దాది యూరిక్లియా చెబుతుంది. వాళ్ళ చేతనే శవాలు మోయించి, బల్లలు కడిగించి, కత్తితో చంపమని తండ్రి చెబితే కొడుకు అంత మర్యాదైన చావు వీళ్ళకెందుకని ఓడ తాడు కట్టి వరసగా ఉరేశాడు. వలలో పడ్డ గువ్వల్లాగా కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయి, ఎక్కువసేపు కాదు అని రాశాడు కవి. ఆ 'ఎక్కువసేపు కాదు' అనేది చదివినప్పుడల్లా నాకు కవి కూడా తల తిప్పుకున్నాడేమో అనిపిస్తది. దాసీలకి కాదనే హక్కు యాడ ఉంది ఆ ఇంట్లో? మీరడిగిన దానికి నా దగ్గర సమర్థింపు లేదు.

ముక్కూ మొహం తెలియనోడు వాకిట్లోకొస్తే స్నానం పోసి అన్నం పెట్టి ఆ తర్వాత పేరు అడుగుతారు. రాజులు అంత అమాయకులా సార్? (అద్దంకి)

అమాయకత్వం కాదు, కట్టుబాటు. దూరం నుంచి వచ్చినోడు, బిచ్చగాడు, వీళ్ళంతా జ్యూస్ దేవుడు పంపిన వాళ్ళేనని వాళ్ళ నమ్మకం. సత్రాలూ లాడ్జీలూ లేని లోకంలో ఇవాళ నేను పెట్టకపోతే రేపు నాకు ఎవడు పెడతాడు? ఈ కథలో ప్రతి ఊరినీ ఒడిస్సియస్ కొలిచే కొలబద్ద ఇదొక్కటే. తెప్ప పగిలి ఒంటి మీద నూలుపోగు లేకుండా కొట్టుకొస్తే బట్టలుతకటానికి ఏటికొచ్చి బంతాడుకుంటున్న రాజకుమారి నౌసికా పారిపోకుండా నిలబడింది, బట్టలిచ్చి ఊళ్ళోకి దారి చెప్పింది. వాళ్ళ నాయన అల్కినోస్ ఓడ సిద్ధం చేయించి ఇంటికి పంపాడు. అదే పాలిఫెమస్‌ని అతిథిగా వచ్చాం ఏమన్నా ఇవ్వమంటే నిన్ను ఆఖర్న తింటా, అదే నీకు కానుక అన్నాడు. ఇక ఇంట్లో కూర్చున్న ఆ 108 మంది, వాళ్ళు తిరగేసిన రాక్షసులు, అతిథులే ఇల్లుగలవాళ్ళని తినేస్తా ఉన్నారు.

మన చినగంజాం దగ్గర మోటుపల్లి శాసనం ఎప్పుడన్నా చూశారా? 1244లో కాకతి గణపతిదేవుడు వేయించింది. గాలివానకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళంట అంతకుముందు, ఇక మీదట అట్టా చేయం, సుంకం తప్ప ఏమీ ముట్టుకోం, భయపడకుండా రండి అని రాయించాడు, అందుకే అభయశాసనం అంటారు. రాజుకి రేవు నడవాలనే వ్యాపార తెలివి కూడా ఉంటది, కాదనను. కానీ సముద్రం పక్కన బతికేవాళ్ళు ఎవరైనా ఓడ పగిలినోడిని ఏం చెయ్యాలి అనే ప్రశ్నకి ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సిందే.

మారువేషంలో సొంతింటికి పోవటం మన పాండవుల అజ్ఞాతవాసం లాంటిదే గదా? (కావలి)

పోలిక బాగుంది. మన తిక్కన పెన్న ఒడ్డున కూర్చుని భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో గదా. అర్జునుడి గాండీవం జమ్మిచెట్టు మీద ఉంటే ఒడిస్సియస్ విల్లు ఇంట్లో గదిలోనే ఉంది, యుద్ధానికి తీసకపోలా దాన్ని. పన్నెండు గొడ్డళ్ళ గుండా బాణం పోయేట్టు కొట్టినవాడిని చేసుకుంటానని పెనెలొపీ పందెం పెట్టింది. ఒక్కడూ నారి ఎక్కించలేకపోయాడు. బిచ్చగాడి వేషంలో ఉన్న ఈయన విల్లు అటూ ఇటూ తిప్పి చెదలు తిన్నదేమో చూసుకుని, పాటగాడు వీణకి తీగ బిగించినంత తేలిగ్గా నారి కట్టి మీటితే వానకోవెల పిట్ట కూసినట్టు మోగిందంట. మన స్వయంవరాలు తెలిసిన వాళ్ళకి ఇది కొత్తేం కాదు.

తేడా యాడుందంటే పాండవులు దాక్కున్నది పరాయి ఊళ్ళో, వాళ్ళని గుర్తుపట్టే వాళ్ళు లేరు. ఈయన దాక్కున్నది సొంత వాకిట్లో. పందుల కాపరి యుమేయస్‌తో మాట్లాడతా ఇంటికొస్తే గుమ్మం ముందు పేడకుప్ప మీద ఒక ముసలి కుక్క పడుకుని ఉంది, ఒళ్ళంతా పిడుదులు. పేరు ఆర్గోస్, ఇరవై ఏళ్ళ కిందట ఈయన పెంచిందే. గొంతు విని తోక ఆడించి చెవులు వాల్చింది, లేచి దగ్గరికి రావటానికి శక్తి లేదు. ఈయన దగ్గరికి పోతే గుట్టు బయటపడుద్ది. పక్కకి తిరిగి కాపరికి కనపడకుండా కన్ను తుడుచుకుని, ఇంత మంచి కుక్క పేడలో పడుంది ఏందయ్యా అని ఊరికే అడిగినట్టు అడిగి లోపలికి పోయాడు. కుక్క అక్కడే ప్రాణం వదిలింది. పెళ్ళాం గుర్తుపట్టలా, కొడుకు గుర్తుపట్టలా, వేషం చూసి మోసపోకుండా గుర్తుపట్టింది అదొక్కటే. దాది తర్వాత కాళ్ళు కడగతా పాత పంది కాటు మచ్చ తడిమి గుర్తుపట్టింది గానీ కుక్కకి మచ్చ కూడా అక్కర్లేకపోయింది.

ఆ ఊళ్ళన్నీ మ్యాప్‌లో చూపించొచ్చు గదా? (సింగరాయకొండ)

ఇథాకా, గ్రీసులో పైలోస్, స్పార్టా అనే ఊళ్ళు చూపించొచ్చు. మిగతావి జనం ఎవరికి తోచినచోట వాళ్ళు పెట్టుకున్నారు, ఆరు తలల రాక్షసి సిల్లా, నీళ్ళు మింగే సుడి కరిబ్డిస్ ఉన్నది ఇటలీకీ సిసిలీకీ మధ్య మెస్సినా జలసంధి అన్నారు, అల్కినోస్ ఊరు కోర్ఫూ దీవి అన్నారు. పాతకాలంలోనే ఎరటోస్తనీస్ అనే పండితుడు, భూమి చుట్టుకొలత లెక్కగట్టినాయన, దీన్ని ఎగతాళి చేశాడు. ఏయోలస్ గాలులన్నీ ఒక తోలు సంచిలో కట్టి ఇచ్చాడు గదా, ఆ సంచి కుట్టిన తోలుపనివాడు దొరికినరోజు ఒడిస్సియస్ తిరిగిన చోట్లు కూడా దొరుకుతాయి అన్నాడు. నేను ఆయన పార్టీ.

ఇంటికి చేరాక ఇక హాయిగా ఉన్నాడా? (కొత్తపట్నం తమ్ముడే, రెండో మెసేజ్)

లేదబ్బా, ఇంకో ప్రయాణం మిగిలింది. చచ్చినవాళ్ళ లోకంలో టైరీసియస్ అనే జోస్యుడు ముందే చెప్పి ఉన్నాడు, ఆ మాట ఇల్లు చేరిన రాత్రే పెళ్ళానికి చెప్పాల్సొచ్చింది. పొసైడన్ కోపం తీరాలంటే ఓడ తెడ్డు ఒకటి భుజాన వేసుకుని సముద్రానికి ఎదురు దిక్కున నడిచిపోవాలి, సముద్రం అంటే ఏందో తెలియని, తిండిలో ఉప్పు కలుపుకోని మనుషులు ఉండే చోటికి. దారిన పోయేవాడు ఎవడన్నా నీ తెడ్డు చూసి, భుజం మీద ఆ తూర్పారబట్టే చేట ఏంది అని అడిగితే అదే గుర్తు, అక్కడ తెడ్డు నేలలో పాతి పొట్టేలు, ఎద్దు, పంది బలిచ్చి వెనక్కి రావాలి. ఆ నడక కథలో లేదు, చెప్పటం వరకే.

మన దగ్గర ఉప్పు గుర్తు పనిచెయ్యదు, చినగంజాం ఉప్పు పోని ఊరు లేదు గనక. తెడ్డు గుర్తు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తది. నువ్వు మీ తాత తెడ్డు భుజాన వేసుకుని కొత్తపట్నంలో బయల్దేరు. ఒంగోలు బస్టాండు దాకా ఎవడూ అడగడు, పడవది అని తెలుసు. పొదిలి దాటి, వెలిగొండలు కనపడతా ఉండంగా మార్కాపురం పక్క ఏదో ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన నిన్ను ఆపి, ఎవరింట్లో నాయనా పెళ్ళి, ఇంత తెడ్డు తెచ్చావంటే ఎన్ని బస్తాల వంట అని అడిగాడనుకో, ఆడ పాతెయ్.